గుట్ట మీద ర్యాప్ వీడియో: పాట మూడు ఫ్రేములు ఎందుకు తప్పుతది

కాలేజీ పోరగాళ్ల ర్యాప్ వీడియోలకు నల్లగొండ చుట్టూ ఉన్న రాతిగుట్టలను మించిన సెట్టింగ్ లేదు, పైసా ఖర్చు కూడా లేదు. కింది నుంచి జూమ్ పెట్టి తీస్తే మాత్రం ఒక తిప్పలుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లే పోతది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు దాదాపు 14 మీటర్లన్నట్టు. స్పీకర్ పాడేటాయన పక్కన, కెమెరా 40 మీటర్ల దూరాన ఉంటే, కెమెరాలో రికార్డయిన పాట బొమ్మకన్నా మూడు ఫ్రేములు లేటు. ఎడిటింగ్‌లో ముందు ఆ ఆడియోకు అసలు ట్రాక్ కలపండి, తర్వాత ట్రాకును టైమ్‌లైన్ మీద మూడు ఫ్రేములు ఎడమకు జరపండి. మెల్లగా సాగే పాటలో ఈ తేడా దాగుతుందేమో. 140 బీపీఎం (నిమిషానికి 140 బీట్లు) ఉండే గ్రైమ్ అనే స్పీడు ర్యాప్‌లో బీటుకు 11 ఫ్రేములు కూడా రావు. పెదాలు మూసుకునే ప, బ, మ అక్షరాల దగ్గర వెంటనే దొరికిపోతది.

నడక కొంచెం బరువుగా కనిపించాలంటే 30 ఫ్రేములతో తీస్తూ పాటను 1.2 రెట్ల స్పీడుతో వినిపించండి. 25కు సాగదీస్తే పెదాలు సరిగ్గా కూర్చుంటాయి. కానీ 140 కాస్తా 168 అవుతది, హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) వరకే పెట్టుకోండి, చరణమంతా అంటే ఊపిరందదు.

ఫోన్ అయితే ఫ్రేమ్ రేటు లాక్ చేసే యాప్ వాడాలి. లేకుంటే రేటు మారుతూ, మొదట్లో కలిసిన పాట చివరికొచ్చేసరికి జారిపోతది. రాత్రి క్లాక్ టవర్ సెంటర్లో లైట్ల కింద షటర్ స్పీడు 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60కి చారలు పాకుతాయి.