స్కాన్ నార్మల్, పిల్లాడు మాత్రం మామూలుగా లేడు

సమస్య: కబడ్డీలో రైడర్‌ని పట్టబోయి ఇద్దరు డిఫెండర్ల తలలు గుద్దుకున్నాయి. మీవాడు వెంటనే లేచాడు. "బానే ఉన్నా సార్, ఆడతా" అంటున్నాడు.

కారణం: కంకషన్ (తల అదిరి మెదడు పనితీరు కొన్నాళ్లు దెబ్బతినడం) అయినవాళ్లలో చాలామందికి స్పృహ తప్పదు. ఆ అదురుకి మెదడు కణాల్లోంచి పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి పోతాయి. దాన్ని సర్దుకోవడానికి కణాలకు బోలెడంత శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. ఈ లోటు తీరకముందే ఇంకోటి తగిలితే, చిన్న దెబ్బైనా నష్టం పెద్దది.

ఏం చేయాలి: ఆ రోజుకి ఆట బంద్. ముఖం కడిగించి మళ్లీ దింపే అలవాటు మన గ్రౌండ్లలో ఎప్పుడు పోతుందో! వాంతులు, మగత, ఫిట్స్, పెరుగుతున్న తలనొప్పి ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

కెనడాలోని ఒట్టావాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల స్కూల్ రగ్బీ కెప్టెన్‌కి 2013 మేలో వారం తిరక్కుండానే మూడుసార్లు తలకు దెబ్బ తగిలింది. అనుమానమొచ్చి ఫోన్‌లో కంకషన్ గురించి వెతికింది కూడా. అయినా ఆడింది. మూడో దెబ్బకు పడిపోయి, కొద్ది రోజులకే చనిపోయింది. ఆమె పేరు మీద ఒట్టావా ఉన్న ఆంటారియో రాష్ట్రం 2018లో చట్టం చేసింది.

సమస్య: నాలుగు రోజులైంది. సీటీ స్కాన్‌లో ఏమీ లేదు. కానీ లెక్కల పుస్తకంలో అదే లైను మళ్లీ మళ్లీ చదువుతున్నాడు, ట్యూబ్‌లైట్ వేస్తే కళ్లు చికిలిస్తున్నాడు, అమ్మ మీద ఊరికే విసుక్కుంటున్నాడు.

కారణం: సీటీలో రక్తస్రావం, ఎముక విరగడం లాంటివే తెలుస్తాయి. కణాల పనితీరు అందులో కనపడదు. వీడిది బద్ధకమని తిట్టకండి.

ఏం చేయాలి: ఒకటి రెండు రోజులు ఇంటిపట్టున ఉంచి, ఫోన్ తగ్గించండి. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. తర్వాత కాస్త నడక, సగం పూట బడి. బడి పూర్తిగా కుదురుకున్నాకే ఆట: జాగింగ్, ఒంటరి ప్రాక్టీసు, డాక్టర్ సరేనన్నాక పట్టులు, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. తలనొప్పి తిరగబెడితే ఒక మెట్టు కిందికి. పిల్లలకు నెల పట్టినా కంగారు పడక్కర్లేదు.

సమస్య: ఇది మూడోసారి. చిన్న తాకిడికే తల తిరుగుతోంది, తగ్గడానికీ ఎక్కువ రోజులు పడుతోంది.

కారణం: ఒకసారి కంకషన్ అయినవాళ్లకు మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువ.

ఏం చేయాలి: న్యూరాలజిస్టుకి చూపించి, ఈ సీజన్ వదిలేయడం గురించి గట్టిగా మాట్లాడండి. మన మీద సిడ్నీలో తొలి టెస్టులోనే 62 కొట్టిన ఆస్ట్రేలియా బ్యాటర్ విల్ పుకోవ్‌స్కీ ఇలాంటి దెబ్బల వల్లే 2025లో, 27 ఏళ్లకే క్రికెట్ మానేశాడు. వెళ్లేటప్పుడు పాత దెబ్బల తేదీలు, ఒక్కోటి తగ్గడానికి ఎన్ని రోజులు పట్టిందో కాగితం మీద రాసుకెళ్లండి. డాక్టర్ ముందుగా అడిగేది అదే.