పరుగుతో పట్టేసిన కాళ్లకు చన్నీళ్లు, ఉడుకునీళ్లు

కానిస్టేబుల్ ఈవెంట్ల కోసం నల్లగొండ, పాలమూరు మైదానాల్లో 1600 మీటర్లు, 800 మీటర్లు ప్రాక్టీసు చేసేవాళ్లకు మొదటి వారం మెట్లు దిగడమే కష్టం. ఆ నొప్పి లాక్టిక్ యాసిడ్‌ది అంటారు గానీ, అది పరుగు ఆపిన గంటా గంటన్నరలో రక్తంలోంచి పోతుంది. అలవాటు లేని శ్రమకు, అందులోనూ దిగుడు పరుగు, గుంజీలు, లాంగ్ జంప్ లాంటివాటికి కండరాల పోగులు సన్నగా చిట్లి వాస్తాయి. నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదిరి, వారంలోపు దానంతటదే తగ్గుతుంది. చన్నీళ్లు ఆ నొప్పిని కొంత తగ్గిస్తాయి. చిట్లినదాన్ని అతికించవు.

నీళ్లు 10–15 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మన దగ్గర చిక్కంతా ఇక్కడే. బోరులోంచి అప్పుడే వచ్చిన నీళ్లు చేతికి చల్లగా తగిలినా 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఎండాకాలం మిద్దె మీది ట్యాంకు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆ నీళ్లు కాళ్ల మీద పోసుకుంటే హాయిగా ఉంటుంది, అంతే. ఐసు కావాలి, అదీ లెక్కతో.

కాళ్లు చాపి కూర్చుంటే తొడలు మునిగే టబ్బుకు 100 లీటర్లు చాలు. 28 డిగ్రీల నీళ్లను 14కు దింపడానికి 15 కిలోల ఐసు పడుతుంది. నీళ్లు 37 డిగ్రీలుంటే 25 కిలోలు. చలికాలం రాత్రి ఆరుబయట పెట్టిన నీళ్లు 20కి దిగితే ఆరేడు కిలోలే. ఒంటి వేడికీ టబ్బు వేడికీ ఇంకో రెండు మూడు కిలోలు పక్కన ఉంచుకోండి. ఇంటి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన లీటరు సీసాలు ఆరు వేసినా 100 లీటర్లను ఐదారు డిగ్రీలే దింపుతాయి. అందుకే ఐసు ఫ్యాక్టరీ దిమ్మ కొనడమే మేలు. దాన్ని గోనెసంచిలో వేసి సుత్తితో పగలగొట్టి, సంచితోనే నీళ్లలో ముంచండి. ముక్కలు నేరుగా చర్మానికి ఆనుకుంటే చర్మం దెబ్బతింటుంది. జ్వరం చూసే థర్మామీటర్ ఇంత చల్లదనాన్ని చూపదు. చేపల తొట్టికి వాడేది కొనండి.

పరుగు అయ్యాక పది నిమిషాలు నడిచి, నీళ్లు తాగి, గంటలోపు దిగండి. మొదటిసారి 15 డిగ్రీల్లో ఐదు నిమిషాలు చాలు. అలవాటయ్యాక 10–15 నిమిషాలు. నిక్కరు ఉంచుకోండి, నడుము పైకి నీళ్లు రానవసరం లేదు. దిగగానే ఊపిరి ఎగబీలుస్తుంది. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది, అప్పటిదాకా నిదానంగా ఊపిరి వదలండి. కదలకుండా కూర్చుంటే కాళ్ల చుట్టూ నీళ్లు వెచ్చబడతాయి, కాబట్టి అప్పుడప్పుడు కలపండి. ఒణుకు ఆగకపోయినా, వేళ్లు తెల్లబడి మొద్దుబారినా బయటికి వచ్చేయండి. లేచేటప్పుడు తల తిరగొచ్చు, పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. ఐసు ఖర్చు తప్పుతుందని సాగర్ కాలువలో దిగొద్దు. సిమెంటు గట్టు జారుతుంది, ప్రవాహం లాక్కెళ్తుంది.

రోజూ చేయొద్దు. కండ పెంచడానికి బరువులెత్తే రోజున అసలే వద్దు. 12 వారాల పాటు బరువుల తర్వాత ప్రతిసారీ 10 డిగ్రీల నీళ్లలో కూర్చున్నవాళ్లకు కండా బలమూ తక్కువ పెరిగినట్టు 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. వరుసగా రెండు రోజులు పరుగు ఉన్నప్పుడు మాత్రం ఇది అక్కరకొస్తుంది.

ఉడుకునీళ్లు మరుసటి రోజుకు. బిగుసుకున్న తొడలు, పిక్కలు వదులవుతాయి. 38–40 డిగ్రీలు, 10–15 నిమిషాలు. 85 లీటర్ల బోరు నీళ్లలో కాగులో మరిగిన 15 లీటర్లు కలిపితే సుమారు 39 వస్తుంది. కలిపాకే దిగండి, మీరు లోపలుండగా మరిగే నీళ్లు పోయించుకోవద్దు. హీటరు రాడ్డు వాడితే స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్డు బయటికి తీసేదాకా నీళ్లలో వేలు కూడా పెట్టొద్దు. కాలు బెణికి వాచి ఉంటే మొదటి రెండు రోజులు వేడి వద్దు.

రెండు టబ్బులుంటే నిమిషం ఉడుకు, నిమిషం చల్లన చొప్పున ఏడుసార్లు మార్చి, చన్నీళ్లతో ముగించొచ్చు. వట్టి చన్నీళ్లకన్నా ఇది మెరుగని గట్టి ఆధారమేమీ లేదు.

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, కాళ్లు స్పర్శ తెలియని షుగరు, తెరిచిన గాయం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా రెండింటిలోనూ దిగొద్దు. మూత్రం కోలా రంగులో వచ్చి, కండలు విపరీతంగా వాస్తే టబ్బు మాట మరిచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కండరం చిట్లి కిడ్నీ మీద పడే ప్రమాదం అది. ఇంకొకటి, మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు మెడ, నడుము, మోకాళ్లు వారాల తరబడి బిగుసుకునే ఉంటే దాన్ని పరుగు నొప్పి అనుకోవద్దు. ఎముకల డాక్టరుకు చూపించి, ఫ్లోరోసిస్ ఉందేమో ఎక్స్‌రే తీయించుకోండి.