ఏప్రిల్‌లో పుట్టినవాళ్ల కోసం వజ్రం కొంటున్నారా? ఇవి చూసుకోండి

ఏప్రిల్‌కి వజ్రం అనేది 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం ఖరారు చేసిన ‘పుట్టిన నెలకో రాయి’ జాబితాలోది, మన నవరత్నాల్లో అయితే అది శుక్రుడి రాయి, పుట్టిన నెలతో పనిలేదు. కొనేటప్పుడు క్యారెట్ (రాయి బరువు, ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు) కన్నా ముందు కట్ (రాయిని చెక్కిన తీరు) చూడండి, మెరుపంతా అందులోనే ఉంటుంది. రాయి నడుము అంచున లేజర్‌తో చెక్కిన నంబర్ ఉంటే లెన్స్‌లో చూపించమని అడిగి రాయితో ఇచ్చే సర్టిఫికెట్‌తో సరిచూసుకోండి, అస్సలు మొహమాటపడొద్దు. ల్యాబ్‌లో తయారైనదీ అసలు వజ్రమే, కంటికి తేడా తెలీదు, అందుకే ఏ రకమో బిల్లులో రాయించుకోండి.

వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. ఉంగరంతోనే పిండి కలిపితే రాయి వెనక మడ్డి పేరుకుని మెరుపు పోతుంది, అప్పుడు గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి, కాసేపు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో వెనకవైపు రుద్దండి. గీతలు అంత తేలిగ్గా పడవు గానీ గట్టి దెబ్బ తగిలితే పెచ్చు ఊడుతుంది.