పిల్లల టిక్స్: ఆహారం, సహజ పద్ధతులు ఎలా ప్రయత్నించాలి?

కళ్లు టపటపా ఆర్పడం, భుజం ఎగరేయడం, మెడ విదిలించడం, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం, ముక్కు ఎగబీల్చడం... పిల్లల్లో ఇలాంటివి ఉన్నట్టుండి మొదలై, వద్దన్నా ఆగకుండా వస్తుంటే వాటిని టిక్స్ అంటారు. బడి వయసు పిల్లల్లో ఐదుగురిలో ఒకరి దాకా ఎప్పుడో ఒకప్పుడు ఇవి కనిపిస్తాయి. చాలామందిలో ఏడాదిలోపే పోతాయి. మందుల దాకా వెళ్లకముందే తిండి మార్చి చూద్దామని తల్లిదండ్రులకు అనిపించడం సహజం. అలా చూడొచ్చు కూడా. కాకపోతే దానికో వరుస ఉంది. పిల్లల కడుపు మాడ్చకుండా, లేని ఫలితాన్ని ఉందనుకోకుండా చేయాలి.

1. అవి టిక్సేనా అని తేల్చుకోండి

కళ్లు ఆర్పడానికి అలర్జీ కారణం కావచ్చు, చూపు సమస్య కావచ్చు. గొంతు సవరింపు వెనక జలుబో, కడుపులోని ఆమ్లం పైకి తన్నడమో ఉండొచ్చు. అందుకే పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించండి. డాక్టర్ గదిలోకి వెళ్లగానే టిక్స్ ఆగిపోవడం మామూలే కాబట్టి ముందే ఫోన్‌లో చిన్న వీడియో తీసి పెట్టుకోండి.

టిక్స్ ఎక్కువగా నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య మొదలై, 10–12 ఏళ్లప్పుడు బాగా పెరిగి, టీనేజ్‌లో చాలామందికి తగ్గుతాయి. కదలికల టిక్స్ ఒకటికి మించి ఉండి, శబ్దం చేసే టిక్ కనీసం ఒకటి తోడై, మొదలైనప్పటి నుంచి ఏడాది దాటితే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. ఆ పేరు వినగానే బూతులు మాట్లాడే జబ్బని భయపడిపోతారు. అది టూరెట్ ఉన్నవాళ్లలో కూడా నూటికి పది, పదిహేను మందికే ఉంటుంది.

2. ఏమీ మార్చకుండా మూడు వారాలు రాసుకోండి

చాలామంది వదిలేసేది ఈ పనే. నా ఉద్దేశంలో మిగతా అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

టిక్స్ ఒకేలా ఉండవు. కొన్ని వారాలు విపరీతంగా పెరుగుతాయి, తర్వాత వాటంతటవే తగ్గుతాయి. ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. మనం తిండి మార్చేది ఎప్పుడు? బాగా పెరిగి, చూడలేక, టెన్షన్ పడినప్పుడు. ఆ తర్వాత ఎలాగూ తగ్గే కాలమే వస్తుంది. అప్పుడు పాలు మానేసినా, ఏదో పొడి ఇచ్చినా, ఆ తగ్గుదలంతా దాని గొప్పే అనిపిస్తుంది. 'మా పిల్లాడికి ఫలానాది మానేస్తే తగ్గిపోయింది' అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తగ్గింది నిజమే, ఎందుకు తగ్గిందో తెలుసుకునే దారి వాళ్ల దగ్గర లేదు.

అందుకని రోజూ ఒకే సమయంలో, ఒకే పరిస్థితిలో పది నిమిషాలు గమనించి ఎన్నిసార్లు వచ్చాయో రాసుకోండి. పక్కనే ఆ రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, జలుబో జ్వరమో ఉందా, పరీక్షలున్నాయా, బయట ఆడుకున్నారా అన్నవి కూడా రాయండి. లెక్కపెడుతున్నారని పిల్లలకు తెలియకూడదు. తెలిస్తే టిక్స్ పెరగొచ్చు, తగ్గొచ్చు, లెక్క చెడుతుంది.

3. 'ఆపు' అనడం మానేయండి

టిక్ రాబోయే ముందు చాలామంది పిల్లలకు ఆ చోట ఒక రకమైన ఇబ్బంది, ఒత్తిడి తెలుస్తుంది. తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఉండేలాంటిదే. కాసేపు ఆపుకోగలరు, అందుకు బోలెడంత శ్రమ పడతారు. బడిలో రోజంతా ఆపుకుని ఇంటికి రాగానే ఒక్కసారిగా ఎక్కువయ్యేది అందుకే. అది మొండితనం కాదు.

తిట్టడం, చెయ్యి పట్టుకోవడం, బంధువుల ముందు ప్రస్తావించడం పూర్తిగా ఆపండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వెక్కిరించకుండా చూడండి. జాలి కూడా మరీ వద్దు. టిక్ వచ్చిన ప్రతిసారీ హోంవర్క్ మాన్పిస్తే ఆ సమయంలో టిక్స్ పెరిగే అవకాశం ఉంది. కావాలంటే రెండు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి, పని మాత్రం పూర్తి చేయించండి. టీచర్‌కు కూడా ఇదే చెప్పండి: గమనించనట్టు ఉండమని, అవసరమైతే కాసేపు బయటికి వెళ్లి రానివ్వమని.

4. నిద్ర, ఆట

అలసట, ఆందోళన, అతి ఉత్సాహం టిక్స్‌ను పెంచుతాయి. పండగ సంబరం కూడా ఒక ఒత్తిడే. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పడుకునే వేళ ఒకేలా ఉండాలి, గంట ముందు నుంచీ స్క్రీన్ పక్కన పెట్టేయాలి. పరుగులు, ఈత, సైకిల్ లాంటివి రోజూ ఉండాలి. మనసు పూర్తిగా లగ్నమయ్యే పనుల్లో, అంటే వాయిద్యం నేర్చుకోవడం, ఆటలు ఆడటం లాంటివాటిలో, చాలామంది పిల్లలకు టిక్స్ తగ్గడం కనిపిస్తుంది. తిండి కంటే ముందు ఇవి సరిచేయండి.

5. ఆహారం: ఒక్కసారి ఒక్కటే మార్చండి

ఫలానా ఆహారం టిక్స్‌ను నయం చేస్తుందని ఇప్పటిదాకా గట్టిగా రుజువు కాలేదు. అలాగని మీ పిల్లలకు ఏదీ పడకపోవడం ఉండదని కాదు. పరీక్షించి చూడటంలో తప్పు లేదు.

మొదట తీసేయాల్సింది కెఫీన్. కోలాలు, ఎనర్జీ డ్రింకులు, టీ, కాఫీ, చాక్లెట్‌లో ఉంటుంది. ఇవి తగ్గితే టిక్స్ తగ్గినా తగ్గకపోయినా నిద్ర బాగుపడుతుంది కాబట్టి నష్టం లేదు. రంగులు కలిపిన తినుబండారాలు, తీపి పానీయాలు తగ్గించడమూ అంతే.

పాలు, గోధుమల దగ్గరికి వచ్చేసరికి ఆగి ఆలోచించండి. పెరిగే వయసులో పాలు ఆపేస్తే కాల్షియం, ప్రొటీన్ మరో దారిలో అందాలి. గోధుమ మానిపించాలనుకుంటే ముందు డాక్టర్‌ను అడిగి సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే జబ్బు) పరీక్ష చేయించండి, ఎందుకంటే గోధుమ తింటూ ఉన్నప్పుడే ఆ పరీక్ష సరిగ్గా పనిచేస్తుంది. డైటీషియన్ సలహా లేకుండా రెండు మూడు రకాలు ఒకేసారి తీసేయొద్దు.

అనుమానం ఉన్న ఒక్క పదార్థాన్ని మూడు నాలుగు వారాలు ఆపి, లెక్క రాస్తూ ఉండండి. తర్వాత మళ్లీ పెట్టండి. ఈ రెండో సగం చేయడానికి ఎవరికీ మనసొప్పదు, అయినా తేలేది అక్కడే. మానేసినప్పుడు తగ్గి, పెట్టాక పెరిగి, ఇంకోసారి చేసినా అలాగే జరిగితే దాన్ని నమ్మొచ్చు. అలెర్జీ అని ముందే తేలిన పదార్థాన్ని మాత్రం ఇలా ఇంట్లో పెట్టి చూడకండి. తేడా లేకపోతే ఆ తిండి పిల్లలకు తిరిగి ఇచ్చేయండి. ఊరికే నోరు కట్టేయడం వల్ల తిండి మీద భయం మిగులుతుంది, తోటి పిల్లల్లో వేరుపడిపోతారు. ఇప్పటికే ఆందోళన ఎక్కువున్న పిల్లల్లో ఇది చిన్న విషయం కాదు.

6. మాత్రలు, పొడులు: తొందర వద్దు

మెగ్నీషియం, బి6 విటమిన్ గురించి ఎక్కువగా వింటుంటాం. వాటి మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి, తేల్చి చెప్పగలిగినవి కావు. మెగ్నీషియం గింజలు, పప్పులు, ఆకుకూరల్లో ఉంటుంది, అలా ఎంతైనా ఇవ్వండి. మాత్రలుగా ఎక్కువైతే విరేచనాలవుతాయి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ప్రమాదం. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని చేతులు, కాళ్లు మొద్దుబారతాయి. ఒమేగా-3తో పిల్లల మీద చేసిన పరీక్షలో టిక్స్ తీవ్రత స్పష్టంగా తగ్గలేదు. ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ అనే సప్లిమెంట్ మీద 2016లో వచ్చిన అధ్యయనంలోనూ ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనిపించలేదు.

ఐరన్, విటమిన్ డి లోపం ఉందేమో రక్తపరీక్ష చేయించి, ఉంటే డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వండి. ఐరన్ మోతాదు మించితే పిల్లల ప్రాణానికే ముప్పు. మూలికా మందులు కొన్ని వేరే మందులతో కలిస్తే హాని చేస్తాయి. ఏది ఇస్తున్నా డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.

7. మందు లేకుండా నిజంగా పనిచేసేది

సహజ పద్ధతి కావాలనుకునే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది సీబిట్ అనే శిక్షణ గురించే. పూర్తి పేరు కాంప్రహెన్సివ్ బిహేవియరల్ ఇంటర్వెన్షన్ ఫర్ టిక్స్. టిక్ రాబోతున్న ఆ ఒత్తిడిని పిల్లలు ముందే గుర్తుపట్టి, టిక్‌కు అడ్డుపడే వేరే పని చేయడం ఇందులో నేర్పుతారు. మెడ విదిలింపుకైతే గడ్డం కాస్త దించి మెడ కండరాలను నెమ్మదిగా బిగించి ఉంచడం, శబ్దాలకైతే ముక్కుతో నిదానంగా ఊపిరి పీల్చి వదలడం. ఒక నిమిషం పాటో, ఆ ఒత్తిడి పోయేదాకానో అలా ఉండాలి. దీనితో పాటు ఇంట్లో, బడిలో టిక్స్‌ను పెంచే పరిస్థితులను మారుస్తారు.

2010లో 126 మంది పిల్లల మీద వచ్చిన అధ్యయనంలో పది వారాల్లో ఈ శిక్షణ పొందినవాళ్లలో సగం మందికి పైగా మెరుగయ్యారు. మామూలు సలహాలు, ఓదార్పు మాత్రమే పొందినవాళ్లలో ఐదో వంతు కూడా కాలేదు. 2019లో అమెరికన్ న్యూరాలజీ అకాడమీ కూడా తొలి చికిత్సల్లో దీనికే ముందు చోటు ఇచ్చింది. శిక్షణ పొందిన సైకాలజిస్ట్ దగ్గర చేయించండి. దగ్గర్లో లేకపోతే వీడియో కాల్‌లోనూ నేర్పేవాళ్లున్నారు.

8. ఇంటి ప్రయత్నాలు ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినప్పుడు

కదలిక సమయంలో పిలిస్తే పలకకపోతే, స్పృహ తప్పితే, చెయ్యో కాలో బలహీనపడితే ఆలస్యం చేయకండి, అది మూర్ఛ లేదా మరో నరాల సమస్య కావచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రవర్తన పూర్తిగా మారిపోయి, తిండి మానేసి, టిక్స్ విపరీతమైనా అంతే. మెడ నొప్పి, గాయాలు, నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్లనని ఏడవడం వచ్చినప్పుడు మందులు అవసరమవుతాయేమో అడగండి. టిక్స్ ఉన్న పిల్లల్లో ఏకాగ్రత లోపం, ఆందోళన, చేసిందే చేసే అలవాట్లు కూడా తరచూ ఉంటాయి. చాలాసార్లు పిల్లలను ఎక్కువ బాధపెట్టేవి అవే కాబట్టి వాటి గురించి కూడా అదే అపాయింట్‌మెంట్‌లో అడగండి, మీరు రాసుకున్న లెక్కల కాగితం తీసుకెళ్లండి.