పాత కారు తుప్పు రేకు మారుస్తూ ఇంట్లోనే వెల్డింగ్ నేర్చుకోవడం ఎలా?

పాత కారును బాగుచేద్దామని మొదలుపెట్టిన వాళ్లకు ముందుగా ఎదురయ్యేది తుప్పు. పెయింట్ కింద చిన్న బుడగ కనిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మొన లోపలికి దిగిపోతుంది. పుట్టీ పూసి రంగు వేస్తే లోపల తుప్పు తినడం ఆగదు, మళ్లీ అక్కడే బయటపడుతుంది. పాడైన భాగం కోసేసి కొత్త రేకు అతకాలి. దానికి వెల్డింగ్ రావాలి.

ఓపిగ్గా సాధన చేస్తే ఇంట్లోనే నేర్చుకోవచ్చు. కాకపోతే కారు బాడీ రేకు చాలా పల్చన, సాధారణంగా 0.7 నుంచి 1 మిల్లీమీటరు. కాస్త ఎక్కువసేపు వేడి తగిలితే చిల్లు పడుతుంది, లేదా రేకు వంకర పోతుంది. ఈ పనిలో శ్రమంతా వేడిని అదుపులో పెట్టడానికే.

మిషన్ ఎంపిక

గేట్లకు, గ్రిల్స్‌కు వాడే రాడ్ వెల్డింగ్‌తో ఈ రేకు అతకాలని చూడకండి. చేయి తిరిగినవాళ్లకే కష్టం. టిగ్ వెల్డింగ్ చాలా శుభ్రంగా వస్తుంది గానీ రెండు చేతులకూ విడివిడిగా పని ఉంటుంది, నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. కొత్తవాళ్లకు మిగ్ మిషన్ మంచిది. ట్రిగ్గర్ నొక్కితే వైరు దానంతట అదే వస్తుంది, మీ ధ్యాసంతా కరిగే లోహం మీద పెట్టొచ్చు.

వైరు 0.6 మిల్లీమీటర్లది తీసుకోండి. 0.8 కూడా పనిచేస్తుంది గానీ దానికి వేడి ఎక్కువ కావాలి. కరిగే లోహానికి గాలి తగలకుండా కాపాడే గ్యాస్ ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపినదైతే నిప్పురవ్వలు ఎగరడం తక్కువ. ప్రవాహం నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. గ్యాస్ అవసరం లేని ఫ్లక్స్ వైరు కూడా దొరుకుతుంది, కానీ అది మరింత వేడిగా మండుతుంది. పల్చటి రేకు మీద నేర్చుకోవడానికి నేనైతే దాన్ని వద్దంటాను. పోలారిటీ సరిచూడటం మరిచిపోవద్దు: మామూలు మిగ్ వైరుకు టార్చ్ (చేత్తో పట్టుకునే గన్) ప్లస్‌కు, గ్యాస్ లేని ఫ్లక్స్ వైరుకు మైనస్‌కు ఉండాలి.

రక్షణ

“ఒక్క చుక్కే కదా” అని హెల్మెట్ దించకుండా ట్రిగ్గర్ నొక్కాను ఒకసారి. అప్పుడేమీ అనిపించలేదు. అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంటతో లేచాను. ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాల దెబ్బ అలాగే కొన్ని గంటలు ఆలస్యంగా తెలుస్తుంది. ఆటో డార్కెనింగ్ హెల్మెట్, 9 నుంచి 11 మధ్య షేడ్ (అద్దం ఎంత నల్లబడాలో చెప్పే అంకె) పెట్టుకోగలిగినది కొనండి. పక్కన నిలబడి చూసేవాళ్లకు కూడా రక్షణ ఉండాలి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. పొడుగు చేతుల మందపాటి కాటన్ బట్టలు, తోలు గ్లవ్స్, తోలు బూట్లు వేసుకోండి. సింథటిక్ బట్ట కరిగి ఒంటికి అంటుకుంటుంది.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. రేకు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడి, ఆ తడి మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. దాన్ని దగ్గరికే రానివ్వకండి, అసిటోన్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. జింక్ పూత ఉన్న రేకైతే అతుకు దగ్గర ఆ పూతను గ్రైండ్ చేసి తీసేయాలి. జింక్ పొగ పీలిస్తే చలి జ్వరం వచ్చినట్టు ఒళ్లంతా వణుకుతుంది. తలుపులు తెరిచి ఉంచండి, కానీ ఫ్యాన్ గాలి నేరుగా అతుకు మీద పడకూడదు. గ్యాస్ చెదిరిపోతే అతుకు నిండా సన్నని రంధ్రాలు పడతాయి.

ముందు కారును ముట్టుకోకండి

పాత డోర్ గానీ బానెట్ గానీ తెచ్చుకోండి. సాధన మీ కారు రేకంత మందం ఉన్న రేకు మీదే జరగాలి. మందపాటి ఇనుప పట్టీ మీద ఎంత అందమైన గీత వచ్చినా ఇక్కడ పనికిరాదు.

పెయింట్, తుప్పు తీసి రేకును తళతళలాడేలా చేయండి. మిషన్ మూత లోపల ఉండే పట్టిక చూసి సెట్టింగ్ పెట్టండి. వైరు టిప్ (టార్చ్ చివర వైరు బయటికొచ్చే మొన) నుంచి 6 నుంచి 10 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. ఇక చెవి పెట్టి వినండి. సరిగ్గా కుదిరితే సమంగా, ఆగకుండా చిటపట శబ్దం వస్తుంది. వైరు రేకును గుద్దుతూ చేతిని వెనక్కి తోస్తుంటే వైరు స్పీడు ఎక్కువైందని అర్థం. మంట వెనక్కి పోయి వైరు టిప్‌కు అతుక్కుంటుంటే తక్కువైంది. ఒకసారికి ఒక్క నాబ్ మాత్రమే తిప్పండి, లేకపోతే దేనివల్ల మారిందో తెలియదు.

పల్చటి రేకు మీద పొడుగు గీత లాగే ప్రయత్నం వద్దు. ఒక సెకను పాటు నొక్కి వదిలేయండి. ఆ చుక్కే ట్యాక్. వందల ట్యాకులు వేయండి. ప్రతిసారీ రేకు తిప్పి వెనకవైపు చూడండి. పైన గుండ్రంగా ఉబ్బి, వెనక ఏ గుర్తూ లేకపోతే లోహం లోపలిదాకా కరగలేదు. అతికిన ముక్కను వైస్‌లో బిగించి సుత్తితో అటూ ఇటూ వంచండి. అతుకు విడిపోతే సాధన ఇంకా చాలలేదు. అతుకు నిలిచి పక్క రేకు చిరిగితే, అప్పుడు కారు దగ్గరికి వెళ్లండి.

కారును సిద్ధం చేయడం

బ్యాటరీ తీసేయండి, మైనస్ టెర్మినల్ ముందు విప్పాలి. దగ్గర్లో ఎలక్ట్రానిక్ యూనిట్లు ఉంటే వాటి కనెక్టర్లు కూడా తీయండి. ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే చోటికి వీలైనంత దగ్గరగా, శుభ్రమైన లోహం మీద పెట్టండి. ఆ చుట్టుపక్కల సీట్లు, కార్పెట్లు, ఇంధన పైపులు తొలగించండి. వెనకభాగంలో పనైతే ట్యాంక్ దించి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంక్‌లో మిగిలిన ఆవిరి నిండు ట్యాంక్ కన్నా ప్రమాదం. ట్యాంక్ మీద మీరు ఎప్పుడూ వెల్డింగ్ చేయకూడదు. రేకు వెనక పూసిన అండర్‌సీల్, మైనం కూడా అంటుకుంటాయి. అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి. పని అయ్యాక కనీసం గంటసేపు అక్కడే ఉండి చూడండి.

రేకు అతకడం

తుప్పు కనిపించిన మేరకే కోస్తే చాలదు, మెరిసే గట్టి లోహం వచ్చేదాకా కోయాలి. కొత్త ముక్క ఆకారం ముందు అట్టతో కత్తిరించుకుని, ఆ కొలతతో రేకు కోయండి. మూలలు గుండ్రంగా ఉంచితే అక్కడ వేడి పోగుపడదు.

రెండు అంచుల మధ్య రేకు మందమంత సందు ఉంచి క్లాంపులతో బిగించండి. ముందు మూలల్లో, తర్వాత ప్రతి 25, 30 మిల్లీమీటర్లకు ఒక ట్యాక్. ఆ తర్వాత రెండు ట్యాకుల మధ్యలో ఒకటి, దానికి ఎదురు అంచు మీద ఇంకొకటి, ఇలా దూరం దూరంగా వేస్తూ పోవాలి. మధ్యమధ్యలో చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారనివ్వండి. నా మొదటి ఫెండర్ అతుకు చాలా చక్కగా వస్తోందని ఆపకుండా ఒకే వరసలో నింపేశాను. చల్లారేసరికి రేకు మధ్యలో లోతుగా గుంట పడింది, మొత్తం కోసి మళ్లీ చేశాను. ఆ గంట తొందర నాకు రెండు రోజులు తినేసింది. తడిబట్ట వేసి గబగబా చల్లార్చడం కన్నా వేరే పని చూసుకుని తిరిగి రావడం నయం.

చిల్లు పడితే టెన్షన్ పడకండి. వెనక రాగి పట్టీ ఆనించి, అంచు నుంచి చుక్క చుక్కగా మూసుకురండి. రాగికి స్టీల్ అతుక్కోదు, వేడిని కూడా లాగేసుకుంటుంది.

ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ చేసిన చోట ఒక రేకు మీద ఇంకోటి వస్తుంది. పైరేకుకు 8 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, రెండూ గట్టిగా ఆనేలా బిగించి, కింది రేకు మీద మొదలుపెట్టి రంధ్రం నింపాలి.

సిల్స్ (డోర్ల కింద పొడవునా ఉండే భాగాలు), ఛాసిస్, సస్పెన్షన్ పట్టుకునే చోట్లు, సీట్ బెల్ట్ బిగించే చోట్లు మాత్రం నిపుణులకే వదలండి. అవి ప్రాణం కాపాడే భాగాలు. కొత్త తరం కార్లలో కొన్నిచోట్ల అధిక బలం గల స్టీల్ వాడతారు, దాన్ని వేడిచేస్తే బలం తగ్గుతుంది.

ఆఖరి పని

గ్రైండ్ చేసేటప్పుడు అతుకు ఉబ్బును మాత్రమే తీయండి, పక్క రేకు జోలికి పోవద్దు. వేడెక్కి నీలం రంగు తిరుగుతుంటే ఆగండి. వెంటనే ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి, ఎందుకంటే ఒట్టి లోహం రాత్రికి రాత్రే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. అది ఆరాక కీళ్లకు నీళ్లు దూరకుండా సీమ్ సీలర్, తర్వాత పెయింట్. పెట్టెలా మూసుకుపోయిన భాగాల్లోకి చివరగా, పెయింట్ పూర్తిగా ఆరాక, తుప్పు పట్టకుండా కాపాడే మైనం, అంటే కావిటీ వ్యాక్స్ పంపించండి. అది చుక్కలు కారడం ఆగాక, డోర్ల కింద, సిల్స్ కింద నీళ్లు పోయే రంధ్రాలు మూసుకోలేదని ఒక సన్నని తీగ దూర్చి చూడండి. చాలా కార్లలో తుప్పు మొదలయ్యేది ఆ రంధ్రాలు మూసుకుపోయే.