మూడో పాఠం: ‘కుదరలేదు’లో మనిషెక్కడ?

పోయిన పాఠంలో చావు భయం గురించి ఒక పేజీ రాయమన్నాను కదా, ఎంతమంది రాశారో గానీ నేను మాత్రం రెండు రోజులు వాయిదా వేసి మూడో రోజు రాశాను. సరే, ఈసారి స్వేచ్ఛ.

అమెరికన్ సైకియాట్రిస్టు ఇర్విన్ యాలమ్ 1980లో వచ్చిన ‘ఎగ్జిస్టెన్షియల్ సైకోథెరపీ’ (చావు, స్వేచ్ఛ లాంటి బతుకు ప్రశ్నల్ని ఎదుర్కోవడం మీద నడిచే మానసిక చికిత్స) పుస్తకంలో మనిషిని లోపల్నుంచి తొలిచే నాలుగింటి గురించి రాశాడు: చావు, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థం లేకపోవడం. మిగతా మూడూ భయపెడతాయంటే ఎవరైనా ఒప్పుకుంటారు, స్వేచ్ఛకి భయమేంటి? నా బతుకు ఇలా ఉండటంలో నా చెయ్యి కూడా ఉందని ఒప్పుకోవాల్సి వస్తుంది, అదీ భయం.

ఆ భయం నుంచి దాక్కోవడానికి తెలుగులో బోలెడు చోటుంది. కుదరలేదు. వీలుపడలేదు. లేటైపోయింది. మాటామాటా పెరిగింది. ఈ వాక్యాల్లో మనిషే లేడు చూడండి, అన్నీ వాటంతటవే జరిగిపోయాయి.

నా సంగతే చెప్తా. మూడేళ్ళ కిందట ఊళ్ళో నాన్నకి కంటి ఆపరేషన్. నేను బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉండేవాణ్ణి, మడివాళలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటాను. వెళ్ళలేదు. ‘కుదరలేదు నాన్నా’ అంటే ‘పర్లేదులేరా’ అన్నాడు. తర్వాతెప్పుడో కౌన్సెలింగ్‌లో ఇదే మాట అంటే ఆవిడ ‘ఏం కుదరలేదు?’ అంది. లీవు దొరకలేదన్నాను. ‘అడిగారా?’ అడగలేదు. అప్రైజల్ నెల, ఇప్పుడు లీవంటే మేనేజర్ ఏమనుకుంటాడోనని టెన్షన్. ఆవిడ వెళ్ళాల్సిందనలేదు, తప్పనలేదు, ఊరికే కూర్చుంది. థెరపిస్టు పనిలో కష్టమైన భాగం ఆ ఊరికే కూర్చోవడమే అనిపిస్తుంది నాకు. ‘కుదుర్చుకోలేదు’ అని నా నోటితో అనడానికి ఇంకో రెండు సిట్టింగులు పట్టింది. అన్నాక తేలికపడ్డానని మాత్రం చెప్పను.

ఎవరైనా ‘చేయలేను’ అంటే దాన్ని ‘చేయను’గా మార్చి చూడమనడం ఈ చికిత్సలో ఉన్నదే, యాలమ్ కూడా రాశాడు. మనకి ఇంకా సులువు, మధ్యలో ‘లే’ తీసేస్తే చాలు.

అన్ని చోట్లా తీసేయకండి. జబ్బు, అప్పు, ఇంట్లో కొట్టే మనిషి, ఇవి నిజంగా ‘లేను’లే. నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డ వియన్నా డాక్టరు విక్టర్ ఫ్రాంకల్, పరిస్థితి మన చేతిలో లేకపోయినా దాని ముందు ఎలా నిలబడాలన్నది మన చేతిలో ఉంటుందన్నాడు. నేనైతే ‘కొంత’ అని కలుపుతాను. పొద్దున లేవడమే కష్టంగా ఉన్నవాళ్ళు ఈ అభ్యాసం పక్కన పెట్టి బెంగళూరులోని నిమ్హాన్స్ లాంటి మానసిక వైద్యశాలకి వెళ్ళండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈ వారం పని: రోజుకి ఒక్క ‘కుదరలేదు’ని పట్టుకుని నోట్‌బుక్‌లో రాయండి. కింద అదే వాక్యం ‘నేను’తో మొదలుపెట్టి తిరగరాయండి. దాని కింద, అలా చేసి నేను దేన్ని కాపాడుకున్నాను అని. నాకైతే ఉద్యోగం కాదు, మంచి కుర్రాడన్న పేరు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ వల్ల లేటైందని రాస్తే అదీ నిజమే, కానీ రోజూ ఎన్నింటికి బయల్దేరుతున్నారో కూడా పక్కన వేయండి. ఇంట్లోవాళ్ళ ‘కుదరలేదు’ జోలికి మాత్రం పోవద్దు, గొడవలవుతాయి. ఒంటరితనం వచ్చే పాఠంలో.

ఫోన్ చేసి సారీ చెప్పడం ఈ అభ్యాసంలో లేదు. నేను ఆగలేక చేశాను. నాన్న అంతా విని, ‘ఇంకో కన్నుందిలేరా, దానికొద్దువు’ అన్నాడు.