సముద్రపు ఒడ్డు పాత రైడ్లు: ఎక్కడ మొరాయిస్తాయి, ఎందుకు, ఏం చెయ్యాలి

న్యూయార్క్ సముద్రతీరంలోని కోనీ ఐలండ్‌లో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో వందేళ్ల కిందట కట్టిన రోలర్ కోస్టర్ల లాంటి రైడ్లకు చిన్న నమూనాలు కట్టేవాళ్లకి మొదటి రోజు నుంచే కొన్ని చిక్కులు ఎదురవుతాయి. అసలు రైడ్లు కట్టినవాళ్లకీ అవే ఎదురయ్యాయి. అందుకే వాళ్లు వెతికిన దారులే, అసలు రైడు నడిపేవాళ్లకి చెప్పినట్టుగా, ఇక్కడ రాస్తున్నాను.

బండి పల్లంలో ఆగిపోతోంది

గొలుసు మొదటి ఎత్తు మీదకి లాగి వదిలేశాక బండికి ఇంజను లేదు. ఎత్తు మీద నుంచి దిగినప్పుడు వచ్చిన ఊపే దాని పెట్టుబడి. ఆ ఊపును చక్రాల రాపిడి, గాలి కొంచెం కొంచెంగా తినేస్తుంటాయి.

పొద్దున మొదటి ట్రిప్పులోనే ఆగిందంటే ముందు గ్రీజు చూడండి. రాత్రి చలికి అది గట్టిపడి ఉంటుంది. బండిలో ఇసుక బస్తాలు వేసి మనుషులు లేకుండా నాలుగైదు చుట్లు తిప్పితే కదలిక వస్తుంది. మధ్యాహ్నం కూడా ఆగుతుంటే అది సముద్రపు ఎదురుగాలి పని. తేలిక బండి దానికి త్వరగా లొంగిపోతుంది కాబట్టి ఇద్దరు ముగ్గురితో వదలకుండా, నిండాకే వదలాలి.

గొలుసు మీద వెనక్కి జారుతోంది

కొక్కెం ఊడినా, గొలుసు తెగినా ఇదే జరుగుతుంది. దీనికి మందు పట్టా పక్కన రంపం పళ్లలాంటి ఇనుప పట్టీ, బండి కింద దాని మీద పడుతూ పోయే ఉక్కు నాలుక. బండి ముందుకు పోతుంటే నాలుక పళ్ల మీద ఎగిరి పడుతుంది, వెనక్కి జారబోతే పంటికి తగిలి నిలిపేస్తుంది. అమెరికాలో రోలర్ కోస్టర్లు రూపొందించిన జాన్ మిల్లర్ 1910లో ఇలాంటి ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. రోలర్ కోస్టర్ ఎక్కేటప్పుడు వినపడే టకటక ఇదే. ఆ లయ తప్పిందంటే పన్ను అరిగిందనో, నాలుక బిగుసుకుపోయిందనో అనుమానించాలి.

గుట్ట కొస మీద బండి పట్టా వదిలి లేస్తోంది

తొలి రోజుల పట్టా ఒక చెక్క కాలువలాంటిది. కింద చక్రాలు, పక్కలకు ఒరుసుకునే చక్రాలు ఉండేవి. బండి పైకి లేవకుండా పట్టి ఉంచేది మాత్రం ఏదీ లేదు, దాని బరువు తప్ప. వేగం ఎక్కువై గుట్ట కొస దాటితే ఆ బరువు సరిపోదు.

మొదటి పరిష్కారం మనిషి. మెల్‌బోర్న్ సెయింట్ కిల్డాలో 1912లో తెరిచిన లూనా పార్కులో సీనిక్ రైల్వే అనే రోలర్ కోస్టర్ ఉంది, అందులో ఇప్పటికీ బండి మధ్యలో బ్రేకు వేసే మనిషి నిలబడే ఉంటాడు. నేను ఎక్కినప్పుడు పక్కనున్న సముద్రాన్ని వదిలేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. దిగుడు రాబోతుంటే ఒళ్లంతా వెనక్కి వాల్చి లివరు లాగుతాడు, మలుపు తిరిగాక సడలిస్తాడు. చేతి పట్టుతో బండిని నడిపే ఆ పనితనం చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది. వానలో జాగ్రత్త: తడిసిన బ్రేకు జారుతుంది, అదే సమయంలో పట్టా మీద రాపిడీ తగ్గుతుంది. అలాంటప్పుడు రైడు ఆపెయ్యడమే మంచిది.

రెండో పరిష్కారం పట్టా అంచు కింద ఇంకో చక్రం. ఇదీ మిల్లర్‌దే, 1919 నాటి పేటెంటు. పైన, పక్కన, కింద మూడు వైపులా పట్టు దొరికాక దిగుళ్లు నిటారుగా కట్టే ధైర్యం వచ్చింది. 1927లో కోనీ ఐలండ్‌లో కట్టిన 85 అడుగుల సైక్లోన్ అనే రోలర్ కోస్టర్ ఇప్పటికీ తిరుగుతోంది.

తలకిందుల చుట్టులో మెడ పట్టేస్తోంది

1895లో కోనీ ఐలండ్ సీ లయన్ పార్కులో ఫ్లిప్ ఫ్లాప్ అనే రైడు ఉండేది. దాని చుట్టు అచ్చంగా వృత్తం. ఎక్కినవాళ్లకు మెడ నొప్పులు వచ్చేవి.

చుట్టు పెద్దది చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. నమూనా కడుతూ నేనూ ఇక్కడే రెండు వారాలు పోగొట్టుకున్నాను. బండి పై కొసన పడిపోకుండా ఉండాలంటే కొంత వేగం తప్పదు. అంత వేగం పైన మిగలాలంటే, రాపిడిని వదిలేసి లెక్కేసినా, అడుగున లోపలికి వచ్చేటప్పుడు కూర్చున్న మనిషి మీద సొంత బరువుకి ఆరు రెట్లు పడుతుంది. వృత్తం ఎంత పెద్దదైనా ఈ ఆరు మారదు. ఐదు కిలోల తల ఒక్కసారిగా ముప్ఫై కిలోలై మెడ మీద కూర్చుంటుంది!

మార్చాల్సింది ఆకారం. అడుగున వంపు విశాలంగా, పైన బిగువుగా ఉండాలి. ఎడ్విన్ ప్రెస్కాట్ 1901లో అక్కడే కట్టిన లూప్ ది లూప్‌లో చుట్టును కోడిగుడ్డులా సాగదీశాడు. కుదుపు తగ్గింది కానీ బండికి నలుగురే పట్టేవాళ్లు, ఆ రాబడితో రైడు నిలవలేకపోయింది. 1976లో కాలిఫోర్నియాలో ఉక్కు పట్టాతో తలకిందుల చుట్టు మళ్లీ వచ్చినప్పుడు దాని ఆకారం నీటిబొట్టులా ఉంది.

ఒకే చోట బండి దడదడలాడుతోంది

ఉప్పుగాలికి మేకులు తుప్పు పడతాయి, అతుకుల్లో తడి చేరి చెక్క మెత్తబడుతుంది. రోజూ తెరిచే ముందు పట్టా వెంట నడిచి సుత్తితో తట్టి చూడండి. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది మొద్దుగా పలుకుతుంది. పుచ్చిన పలక తీసి కొత్తది వెయ్యడమే మార్గం, పైపూత పనికిరాదు.

నిప్పు

1911 మే 27 అర్ధరాత్రి దాటాక, సీజను మొదలయ్యే రోజు. కోనీ ఐలండ్‌లోని డ్రీమ్‌లాండ్ పార్కులో హెల్ గేట్ అనే పడవల రైడుకి నీరు కారుతుంటే పనివాళ్లు కాగిన తారుతో పగుళ్లు పూడుస్తున్నారు. దీపాలు ఆరిపోయాయి. ఆ చీకట్లో తారు బకెట్టు ఒలికింది. చెక్క, సున్నపు పూత గోడలతో కట్టిన పార్కు తెల్లారేసరికి బూడిదైంది. మనుషుల ప్రాణాలు దక్కాయి, జంతువుల ప్రదర్శనలోవి చాలా చనిపోయాయి.

తారు కాచడం చెక్క కట్టడానికి దూరంగా, పగటిపూట చెయ్యండి. రాత్రి తప్పనిసరైతే రైడు దీపాల తీగతో సంబంధం లేని వెలుతురు ఒకటి పక్కన ఉండాలి, చేతికందే చోట ఇసుక బకెట్లు ఉండాలి. డ్రీమ్‌లాండ్‌ని మళ్లీ కట్టలేదు. ఆ స్థలంలో ఇప్పుడు న్యూయార్క్ ఆక్వేరియం ఉంది.